తొమ్మిది అప్లికేషన్లు, ఒకే జెట్టీ

మొన్న శనివారం సాయంత్రం మా జూనియర్ ఒకడు ఫోన్ చేసి "అక్కా, ఒక్క పది నిమిషాలు కలుస్తావా, లిస్టు చూపించాలి" అన్నాడు. విశాఖ ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ దగ్గర టీ తాగుతూ నిలబడ్డాం. బ్యాగులోంచి ఒక కాగితం తీశాడు. పన్నెండు యూనివర్సిటీల పేర్లు, అన్నీ అమెరికావే, అన్నీ ఎకనామిక్స్ పీహెచ్‌డీలే. పక్కన మూడు రంగుల్లో గీతలు. ఎరుపంటే కష్టం, నీలమంటే రావచ్చు, ఆకుపచ్చంటే గ్యారంటీగా వస్తుంది. ఆకుపచ్చ గీసిన నాలుగు పేర్ల పక్కన "బ్యాకప్" అని రాసి కింద రెండు గీతలు గీసుకున్నాడు.

కాసేపు నాకు మాట రాలేదు. రెండేళ్ల క్రితం నా దగ్గరా అచ్చం అలాంటి కాగితమే ఉండేది.

నాది తొమ్మిది పేర్ల లిస్టు. 2023 డిసెంబర్‌లో పంపాను, అప్పుడు ఎంఏ ఫైనలియర్. ఒక్కో అప్లికేషన్‌కి డెబ్భై ఐదు డాలర్ల నుంచి నూటపాతిక దాకా, దాని మీద జీఆర్‌ఈ, టోఫెల్, స్కోర్లు నాలుగు చోట్లకి మించి పంపాలంటే మళ్లీ ఒక్కోదానికీ విడిగా డబ్బు, అన్నీ కలిపి లక్ష దాటింది. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఆ డబ్బు ఆయన చిట్టీ పాడి తెచ్చింది. కట్టిన ప్రతిసారీ బ్యాంకు మెసేజ్ చూసి తన ఎల్‌ఐసీ డైరీలో తేదీ వేసి రాసుకునేవారు. ఏడోదో ఎనిమిదోదో కట్టాక డైరీ మూస్తూ అడిగారు, "ఇవేవీ రాకపోతే ఏటమ్మా?" అని. శ్రీకాకుళం వదిలి ముప్పై ఏళ్లయినా మనసులోంచి అడిగేటప్పుడు ఆయనకి ఆ "ఏటి" వచ్చేస్తుంది.

"తొమ్మిది పెట్టాను కదా నాన్నా, అన్నీ ఎందుకు పోతాయి" అన్నాను.

ఆ జవాబు తప్పు. ఎందుకు తప్పో ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే నా ఏడాది వేరేలా ఉండేది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నా మనసులో ఉన్న లెక్క ఇది. ఒక్కోచోట వచ్చే అవకాశం ఇరవై శాతమే అనుకుందాం. రాకపోయే అవకాశం 0.8. తొమ్మిదిచోట్లా రాకపోవాలంటే 0.8ని తొమ్మిదిసార్లు గుణించాలి, 0.134 వస్తుంది. అంటే కనీసం ఒక్కటైనా వచ్చే అవకాశం దాదాపు ఎనభై ఏడు శాతం. చూడ్డానికి ధైర్యంగా ఉంటుంది. కానీ ఈ గుణకారం చెల్లాలంటే ఆ తొమ్మిదీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరగాలి, అవి అలా జరగవు. తొమ్మిదింటికీ వెళ్లింది అదే మార్కుల జాబితా, అదే జీఆర్‌ఈ స్కోరు, అవే మూడు రికమండేషన్ లెటర్లు, నాలుగు వాక్యాలు మార్చిన అదే ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం). వాటిలో ఎక్కడ లోపముంటే అది తొమ్మిదిచోట్లా ఉన్నట్టే. మొదటి కమిటీ కాదన్న కారణంతోనే ఆరో కమిటీ కూడా కాదంటుంది.

2023 నవంబర్‌లో మన ఫిషింగ్ హార్బర్‌లో రాత్రికి రాత్రి ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి కదా. ఒక బోటుకి అంటుకున్న మంట పక్కదానికి, దాన్నుంచి ఆ పక్కదానికి పాకింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో బోటే బతుకు, ఆ నష్టాన్ని నా అప్లికేషన్లతో పోల్చే సాహసం చేయను. కానీ పక్కపక్కనే కట్టి ఉన్న పడవలు ఎన్ని ఉన్నా నిప్పు ముందు ఒక్కటేనని నాకు అర్థమయింది ఆ వార్త చదివినప్పుడు కాదు, తర్వాతి మార్చిలో. మా జూనియర్‌కి కూడా అదే చెప్పాను, నీ ఆకుపచ్చవి, ఎరుపువి అన్నీ ఒకే జెట్టీకి కట్టున్నాయి తమ్ముడూ అని.

ఫిబ్రవరిలో మొదలయ్యాయి రిజెక్టులు. మార్చి మధ్యకి ఏడు. ఒకచోట నుంచి ఉలుకూ పలుకూ లేదు, ఒకచోట వెయిట్‌లిస్ట్. అమెరికాలో ఫండింగ్‌తో వచ్చే పీహెచ్‌డీ ఆఫర్లకి చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి, ముందే తేల్చమని ఒత్తిడి చేయకూడదని వాళ్లలో వాళ్లకి ఒక ఒప్పందముంది. వెయిట్‌లిస్టు కదిలేది చాలావరకు ఆ చివరి రెండు మూడు రోజుల్లోనే. వాళ్లకి పదిహేనో తారీఖు ముగిసేసరికి మనకి పదహారు పొద్దెక్కుతుంది. ఆ రాత్రంతా డాబా మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పొద్దున నాన్న పాల ప్యాకెట్లకి లేచి నన్ను చూసి ఏమీ అడగలేదు.

అసలు దెబ్బ ఆ మర్నాడు తెలిసింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి రాద్దామని చూస్తే అక్కడ ఎంఏకి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షతో తీసుకుంటున్నారు, ఆ పరీక్ష మార్చిలోనే అయిపోయింది, ఫారమ్ గడువైతే ఫిబ్రవరిలోనే ముగిసింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) వాళ్ల ఎంఎస్‌క్యూఈ, అంటే ఎకనామిక్స్ మాస్టర్స్, దాని పరీక్ష మేలో, ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు, దానికీ గడువు దాటిపోయింది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష జూన్‌లో. మొత్తం ఆరు పేపర్లు, అందులో నాలుగు ఎకనామిక్స్‌వి రెండొందల మార్కుల చొప్పున, పోస్టులు 2024లో పద్ధెనిమిదే. రెండు నెలల్లో మొదటిసారి పుస్తకం తెరిచి రాయగలిగేది కాదు. మిగిలింది యూజీసీ నెట్, లెక్చరర్ అర్హతకీ పరిశోధన ఫెలోషిప్‌కీ పెట్టే పరీక్ష. అది కట్టాను, జూన్ 18న రాశాను, బాగానే రాశాను. మర్నాడు రాత్రి టీవీలో స్క్రోలింగ్, పరీక్ష రద్దు. మళ్లీ ఆగస్టు, సెప్టెంబర్లలో పెట్టారు.

దీన్నిబట్టి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. అమెరికా వాళ్ల క్యాలెండర్, మన క్యాలెండర్ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే తప్ప బ్యాకప్ ప్లాన్ కనపడదు. "అది రాకపోతే అప్పుడు చూద్దాం" అనుకుంటాం, కానీ అది రాలేదని తెలిసే సమయానికి మిగతా తలుపులు ఒక్కొక్కటీ మూసుకుపోయి ఉంటాయి. మనం డిసెంబర్‌లో ఎస్ఓపీలో కామాలు సరిదిద్దుకుంటున్నప్పుడే ఇక్కడి ఫారాలు రావడం మొదలవుతుంది. అప్పుడు కట్టే రెండు మూడు వేలు వృథా అనిపిస్తుంది, "నేను వెళ్లిపోతున్నాను కదా" అనిపిస్తుంది. కట్టండి. ఒక్క అమెరికా అప్లికేషన్ తగ్గించుకునైనా కట్టండి.

ఇంకోటి, ఇది అమ్మాయిలకి మరీ చెప్తున్నాను. మన దగ్గర తేదీలతో రాసిన ప్లాన్ లేకపోతే ఇంట్లోవాళ్ల ప్లాన్ ముందుకొస్తుంది. ఆ ఏప్రిల్‌లో మా పెద్దమ్మ రెండు సంబంధాలు తెచ్చింది. తప్పేం లేదు, ఆవిడకి నా మీద ప్రేమే. కానీ "ఇప్పుడొద్దు పెద్దమ్మా" అన్నప్పుడు "మరైతే ఏం చేస్తావే?" అని అడిగితే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అమ్మ నా వైపు నిలబడబట్టి సరిపోయింది. చేతిలో ఒక పరీక్ష తేదీ ఉన్నా, ఒక ఇంటర్వ్యూ ఉన్నా ఆ సంభాషణ పూర్తిగా వేరుగా జరుగుతుంది. ఈ రెండేళ్లలో అది కూడా చూశాను.

సరే, బ్యాకప్ అంటే మరి ఏది? నా లెక్కలో రెండు రకాలే బ్యాకప్ కిందకి వస్తాయి. ఒకటి, వేరే ఆధారం మీద నడిచేది. ఐఎస్ఐ పరీక్షకి ఎవరి లెటరూ అక్కర్లేదు, మొదటి పేపర్ దాదాపు లెక్కలే, ఆ రోజు నువ్వు లెక్క చేశావా లేదా అన్నదే ముఖ్యం. నెట్ జేఆర్‌ఎఫ్ కూడా అలాంటిదే. వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 ఫెలోషిప్, పైగా 2024 నుంచి నెట్ స్కోరుతో మన యూనివర్సిటీల్లో పీహెచ్‌డీలోకి తీసుకుంటున్నారు. రెండోది, అసలు అప్లికేషన్‌లో ఉన్న లోపాన్ని బాగుచేసేది. ఈ రెంటిలో దేనికీ చెందకుండా, ర్యాంకు తక్కువ కాబట్టి ఇచ్చేస్తారనుకుని లిస్టు చివర చేర్చేవి బ్యాకప్ కాదు. ఎకనామిక్స్ పీహెచ్‌డీల్లో ఒక్కో బ్యాచ్‌కి తీసుకునేదే పది పదిహేను, ఇరవై మందిని. ర్యాంకు ఎంత తక్కువైనా ఖాయం అనే మాట అక్కడ లేదు. 2025లో చూశాం కదా, అమెరికాలో పరిశోధన నిధులకి కోతపడి కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించేశాయి, ఇచ్చిన ఆఫర్లు వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి. మే చివరి నుంచి మూడు వారాలు కొత్త స్టూడెంట్ వీసా అపాయింట్‌మెంట్లే ఆపేశారు. ఇలాంటివి వస్తే ఎరుపు, నీలం, ఆకుపచ్చ అని చూడవు.

నా లోపాలు నాకు తర్వాత తెలిశాయి. డిగ్రీలో రియల్ అనాలిసిస్ (ప్రూఫులతో నడిచే లెక్కల సబ్జెక్టు) లేదు, ఎంఏలో లెక్కల పేపరుంది గానీ ప్రూఫులు రాయించేది కాదు. లెటర్లు ఇచ్చిన ముగ్గురూ మంచివాళ్లే, కానీ వాళ్లకి నేను క్లాసులో మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయిగా మాత్రమే తెలుసు. సిన్సియర్, పంక్చువల్ అని రాసి ఉంటారు. కమిటీ వాళ్లకి కావాల్సింది ఈ అమ్మాయి పరిశోధన చేయగలదా, చేయగా నేను చూశాను అని చెప్పే మనిషి. అలాంటి మనిషి ఒక్కరూ లేరు నాకు.

అందుకే నా బ్యాకప్ ప్రీడాక్ అయింది. ఏడాదో రెండేళ్లో ఎవరైనా ప్రొఫెసర్ల ప్రాజెక్టులో ఫుల్‌టైమ్ రీసెర్చ్ అసోసియేట్‌గా చేయడం. జే-పాల్ సౌత్ ఏషియా లాంటి పరిశోధన సంస్థలు ఇలాంటివాళ్లని తీసుకుంటాయి, అవి కాకుండా విడివిడిగా ప్రొఫెసర్లు కూడా తీసుకుంటారు. ముందు ఒక డేటా టాస్క్ ఇస్తారు, గజిబిజిగా ఉన్న ఫైళ్లు ఇచ్చి స్టాటా, ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో శుభ్రం చేసి, కలిపి, రెండు టేబుళ్లు చేసి పంపమంటారు. నాకు మొదటి మూడుచోట్ల అక్కడే పోయింది. నాలుగోచోట వచ్చింది. ఎందుకొచ్చిందో తర్వాత ఆ ప్రాజెక్టు నడిపే మేడమ్ చెప్పారు: సర్వే ఉత్తరాంధ్ర పల్లెల్లో, వాళ్లకి తెలుగు బాగా వచ్చిన మనిషి కావాలి, ఆ యాస అర్థమయ్యే మనిషైతే మరీ మంచిది.

నాకు అప్పటిదాకా తెలుగు నా సీవీలో ఒక లైను. కానీ మన రాష్ట్రంలో ఎంత పెద్ద పనులు జరిగాయో చూడండి. పిల్లల చదువు మెరుగైతే టీచర్లకి బోనస్ ఇవ్వడం మీద కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగం (2011లో అచ్చయింది) ఆంధ్రప్రదేశ్ పల్లెటూరి ప్రభుత్వ బడుల్లోనే జరిగింది. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇస్తే ఏమవుతుందన్న 2016 పేపర్ కూడా అప్పటి మన రాష్ట్రం మీదే. ఇలాంటి పేపర్ల వెనక ఎవరో ఒక తెలుగువాళ్లు ప్రశ్నలు తెలుగు చేసి ఉంటారు, ఇళ్లకి వెళ్లి అడిగి ఉంటారు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ప్రశ్నాపత్రంలో మొట్టమొదటి ప్రశ్న, ఇంట్లో ఎంతమంది అని. "మీ కుటుంబంలో ఎంతమంది ఉంటారు?" అని తెలుగు చేశాను, ఎవరైనా అలాగే చేస్తారు. విజయనగరం జిల్లాలో ఒక ఊళ్లో, పెంకుటింటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న ఒక ముసలావిడని అడిగితే "ఏడుగురం అమ్మా" అంది. ట్యాబ్‌లో ఏడు కొట్టాను. ఇంట్లో చూస్తే రెండే కంచాలు బోర్లించి ఉన్నాయి. అనుమానమొచ్చి, "ఒకే పొయ్యి మీద వండుకుని తినేది ఎంతమంది?" అని అడిగాను. "నానూ మా ముసిలోడూ, ఇద్దరవే. పెద్దోడు హైదరాబాదు, సిన్నోడు ఏరు పడ్డాడు, ఆడపిల్లలు అత్తారిళ్లకి పోనారు" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నేను కుటుంబం అని అడిగాను, కుటుంబం లెక్క చెప్పింది. కానీ ఆ ఇంటి ఖర్చుని ఏడుతో భాగించడం, రెండుతో భాగించడం ఒకటి కాదు, తలసరి లెక్క మూడున్నర రెట్లు మారిపోతుంది. ఆ సాయంత్రమే మేడమ్‌కి ఫోన్ చేశాను, ప్రశ్న మార్చాం, అప్పటికే అడిగిన ఇళ్లకి మళ్లీ వెళ్లాం.

ఈసారి నా ఎస్ఓపీ ఆ అరుగు మీద మొదలవుతుంది. మేడమ్ రాసే లెటర్లో కూడా అది ఉంటుందని చెప్పారు. లోపాన్ని బాగుచేసే బ్యాకప్ అంటే నా ఉద్దేశం ఇదే. రెండేళ్లూ సాయంత్రాలు రియల్ అనాలిసిస్ ఆన్‌లైన్‌లో చదువుతూనే ఉన్నాను, అది మాత్రం ఇంకా కష్టంగానే ఉంది.

ఈ డిసెంబర్‌కి నా కాగితం ఎలా ఉందంటే, అమెరికా పీహెచ్‌డీలు ఆరు. యూరప్‌లో మాస్టర్స్ రెండు, ఒకటి జర్మనీలో బాన్. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు గానీ ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో చూపించాలి, మన చదువు పత్రాలు సరైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి, అది ముందే మొదలుపెట్టాలి. మేలో ఐఎస్ఐ. ఇవన్నీ పోయినా ఆగస్టు దాకా ఉద్యోగం ఉంటుందా అని అక్టోబర్‌లోనే మేడమ్‌ని అడిగేశాను. అడగడానికి చాలా మొహమాటపడ్డాను, అప్లై చేయకముందే ఓడిపోతానంటున్నట్టుంటుందేమోనని. ఆవిడ మాత్రం వెంటనే "ఉంటుంది, ఇంకో రౌండ్ సర్వే ఉంది" అన్నారు. ఒక నిమిషం కూడా పట్టలేదు. రెండేళ్ల క్రితం ఎవరినీ ఏదీ అడగకపోవడం వల్ల ఎన్ని రాత్రుల నిద్ర పోయిందో.

ఇవన్నీ ఈసారి నాన్న డైరీలో తేదీలతో ఉన్నాయి. డిసెంబర్ పేజీల్లోనే కాదు, ఫిబ్రవరిలో, మార్చిలో, మేలో కూడా. ఆయనే స్వయంగా రాశారు. "ఐఎస్ఐ పరీక్ష" అని రాసి పక్కన "హాల్‌టికెట్" అని ఇంకో లైను.

మా జూనియర్‌కి ఇదంతా చెప్తుంటే వాడి మొహం చిన్నబోయింది. "అంటే నాకు రాదంటావా అక్కా?" అన్నాడు. అది కాదురా అన్నాను. ఇలా మాట్లాడితే నిరుత్సాహపరిచినట్టు వినిపిస్తుందని నాకూ తెలుసు. అప్పుడు సీ.ఆర్. రావు గారి సంగతి చెప్పాను. ఎకనమెట్రిక్స్‌లో, అంటే ఎకనామిక్స్‌లో వాడే గణాంకశాస్త్రంలో, మనందరం క్రామెర్-రావు హద్దు నేర్చుకుంటాం, స్కోర్ టెస్ట్ నేర్చుకుంటాం, ఆ రావు మన ఆంధ్ర యూనివర్సిటీలో లెక్కలు చదివిన మనిషి. చదువయ్యాక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు, ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, అదే ఈ ఐఎస్ఐ, గురించి తెలిసి 1941 జనవరిలో అందులో చేరారు. నాలుగేళ్లకి, 1945లో, ఆ హద్దున్న పేపర్ రాశారు. అందరికీ అలా జరుగుతుందని కాదు నేను చెప్పింది. ఆయన వెళ్లిన చోట తెరిచి ఉన్న తలుపు ఇంకొకటి ఉంది, అది మాత్రమే చెప్పాను. వాడు ఆ తలుపు ఇప్పటికీ తెరిచే ఉందా అని అడిగాడు. మేలో పరీక్ష అన్నాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని మద్దిలపాలెం బస్సెక్కి వెళ్లిపోయాడు. నచ్చలేదేమో, అనవసరంగా ఎక్కువ మాట్లాడానేమో అని రెండు రోజులు బాధపడ్డాను. ఇందాక వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఐఎస్ఐ పాత ప్రశ్నాపత్రంలో పదకొండో లెక్క, కింద సగం పేజీ కొట్టివేతలు. "అక్కా, ఇక్కడిదాకా వచ్చింది, తర్వాత ఆగిపోయా" అని. నాకూ వెంటనే తట్టలేదు. భోజనం చేసి మళ్లీ చూడాలి.